చివరి పదహారు పేజీలు

మా ఆయన నాకొక హంతకుడి పేరు బాకీ. పెళ్లయిన కొత్తలో ఇద్దరం కలిసి ఒక హత్యల సినిమాకి వెళ్లాం. అప్పటికి నేను వట్టి మనిషిని కాదు. ఇంటర్వెల్ కాకముందే తల తిరిగి, కడుపులో దేవడం మొదలైంది. ఇంకొకరైతే పెళ్లాన్ని వెంటబెట్టుకుని ఇంటికొస్తారు. ఈయన నన్ను బస్సు దాకా నడిపించి, ఎక్కించి, మళ్లీ హాల్లోకి పరుగెత్తాడు. మర్నాటికల్లా వారపత్రికకు సమీక్ష ఇవ్వాలట. ఇంటికొచ్చాక "ఎవరండీ చంపింది?" అని అడిగితే, "ముగింపు చెప్పకూడదు, అది నా నియమం. ఈసారి వచ్చినప్పుడు చూద్దువుగాని" అన్నాడు. ఆ సినిమా వారం తిరక్కుండా హాల్లోంచి లేచిపోయింది. తర్వాత టీవీలో రాలేదు, ఎక్కడా దొరకలేదు. అప్పుడు కడుపులో ఉన్న పిల్ల ఇప్పుడు ఉద్యోగం చేసుకుంటోంది. నాకు మాత్రం ఆ పేరు ఇంకా తెలియదు.

హత్యలు, దయ్యాలు, దొంగతనాలు, ఇంకో గ్రహం నుంచి వచ్చినవాళ్లు. ఇవి ఉంటే చాలు, సినిమా అయినా, టీవీ సీరీస్ అయినా, నవల అయినా మా ఆయన వదలడు. వారం వారం ఆ పత్రికలో అరపేజీ రాస్తాడు. చెప్పుల స్టాండులో చెప్పులుండవు, పసుపు రంగుకు తిరిగిన పాకెట్ నవలలుంటాయి. సోఫాలో ఆయన కూర్చునే వైపు గుంట పడిపోయింది. ఆ గుంటలో కూర్చుని పొద్దస్తమానం విసుక్కుంటూ ఉంటాడు. ఇష్టపడి చేసే పని మీద ఇంత విసుగున్న మనిషిని నేనెక్కడా చూడలేదు.

"గంటన్నరలో తేలిపోయే కథ! దీన్ని పది భాగాలు సాగదీశారు. డిటెక్టివ్‌కి ఒక విడాకులు, ఒక తాగుడు, ఒక తప్పిపోయిన కూతురు. శవం గురించి పట్టించుకునేదెప్పుడు?" అంటాడు. పాతవి చూద్దామా అంటే వాటి మీదా అంతే. "డిటెక్టివేమో ఎంతసేపూ సిగరెట్టు వెలిగిస్తాడు, అసిస్టెంటేమో ఎంతసేపూ నోరు తెరుస్తాడు."

దానికి తోడు మా అత్తయ్య. ఆవిడకి కథతో పని లేదు. మొదటి పావుగంట చూసి, తేల్చేస్తుంది.

"ఒరేయ్, ఇంత పేరున్న యాక్టర్ని వట్టినే కాఫీ అందించడానికి పెట్టుకుంటార్రా? వీడే చంపాడు."

"అమ్మా, నీకు దణ్ణం పెడతాను, నోరు మూసుకో!"

ఆయన చెవులు మూసుకుని వంటింట్లోకి పారిపోతాడు. కడుపుమంట ఏమిటంటే, ఆవిడ ఎప్పుడూ తప్పలేదు.

ఇవన్నీ ఒక ఎత్తు, పత్రికవాళ్లు ఒక ఎత్తు. ఈయనకు అసలు మాట చివర్లో చెప్పడం అలవాటు. కథ చెప్పి, నటుల గురించి చెప్పి, ఊరించి ఊరించి, బాగుందో లేదో చివరి పేరాలో తేలుస్తాడు. పత్రికవాళ్లకేమో ప్రకటన వచ్చిందంటే వ్యాసాన్ని కింది నుంచి కత్తిరించడం అలవాటు. ఇన్నేళ్లుగా ఈయన తీర్పు ఉండాల్సిన చోట బట్టల సబ్బు ఉంటోంది. "మొదట్లోనే చెప్పేయరాదూ?" అని నేనెన్నిసార్లు మొత్తుకున్నానో! "మొదట్లో చెబితే ఇంకెవడు చదువుతాడు?" అని నా మీదే ఎగురుతాడు.

ఇల్లు గడవడానికి చేసే ఉద్యోగం లిఫ్టుల కంపెనీలో. లిఫ్టు ఆగిపోయి మధ్యలో ఇరుక్కున్నవాళ్లు లోపలున్న నంబరుకు ఫోన్ చేస్తే, ఎత్తేది ఈయనే. మెకానిక్‌ని పంపించి, అతను చేరేదాకా లోపలివాళ్లు కంగారుపడకుండా మాటల్లో పెట్టాలి. తక్కినవాళ్లు ఎండా వానా గురించి మాట్లాడతారు. ఈయన డిటెక్టివ్ కథ చెబుతాడు. కథ సరిగ్గా ఆయువుపట్టుకు వచ్చేసరికి మెకానిక్ తలుపు తీసేస్తాడు. మర్నాడు ఆఫీసుకు ఫోన్ చేసి "ఇంతకీ ఎవరండీ?" అని అడిగినవాళ్లున్నారు. "కొనుక్కుని చదవండి, తెలుస్తుంది" అంటాడు వాళ్లతోనూ. నాలా ఉసూరుమంటున్నవాళ్లు ఊరంతా ఉన్నారని నాకు అప్పుడే తెలిసింది.

ఇలా ఉండగా ఈమధ్య ఒక సన్నటి నవల మా ఇంటికొచ్చింది. రాసింది ఒక పళ్ల డాక్టరు, అదే ఆయన మొదటి పుస్తకం. పాత లాడ్జి ఒకటి, దాని యజమాని తన గదిలో చచ్చిపడి ఉంటాడు. అద్దెకున్న ఆరుగురి మీదా అనుమానమే. చివర్లో ఇన్‌స్పెక్టరమ్మ ఆరుగుర్నీ భోజనాల గదిలో కూర్చోబెట్టి, తలుపు మూసి, "చంపినవాళ్లు ఈ గదిలోనే ఉన్నారు" అంటుంది. అందరి ముఖాలూ ఒక్కొక్కటిగా చూస్తుంది. అక్కడితో పేజీ అయిపోయింది, పుస్తకమూ అయిపోయింది.

నేను పుస్తకాన్ని వెనక్కీ ముందుకీ తిప్పాను. "ఇదేం చోద్యమండీ, చంపిందెవరో చెప్పకుండా ఆపేశాడు?"

మా ఆయన ముఖం వెలిగిపోతోంది. అంత వెలుగు మా అమ్మాయి పుట్టినప్పుడు చూశాను, మళ్లీ ఇప్పుడే. "నీకర్థం కాలేదు. ఎవరు చంపారన్నది ఆ రచయితకు లెక్కలేదు. ఆ చూపు చివరికి చదివేవాడి మీద పడుతుంది. ఆ గదిలో ఏడో మనిషివి నువ్వే!"

"నేనెవర్నీ చంపలేదే?"

"నీతో మాట్లాడటం నాదే బుద్ధితక్కువ" అని రాసుకోవడానికి కూర్చున్నాడు.

నవలను ఆకాశానికెత్తాడు. చివరి పేరాలో "ముగింపు లేకపోవడమే ఈ నవలకు ముగింపు, ఇంత సాహసం మరెవరూ చేయలేదు" అని రాశాడు. ఆ వారం సబ్బువాళ్లు ప్రకటన ఇవ్వలేదు. సమీక్ష అక్షరం పోకుండా అచ్చయింది. ఇక చూడాలి! నవల అమ్ముడుపోవడం మొదలైంది. ఎవరు చంపారో మేం చెబుతామంటూ పాఠకులు పత్రికకు ఉత్తరాల మీద ఉత్తరాలు రాశారు. ఎడిటరుగారు స్వయంగా ఫోన్ చేసి, వచ్చే నెల నుంచి ఫుల్ పేజీ ఇస్తామన్నారు. పైన ఫొటో కూడా వేస్తారట. మా ఆయన గడ్డం కింద చెయ్యి పెట్టుకుని ఫొటో దిగి వచ్చాడు. అత్తయ్య అది చూసి "పన్ను నొప్పేమిట్రా?" అంది.

ఆవిడ నోట్లో ఏముందో గానీ, నాలుగు రోజులకే పళ్ల డాక్టరు మా గుమ్మంలో నిలబడ్డారు. సన్నగా, పొడుగ్గా ఉన్నారు. కళ్లకు నల్లద్దాలు. మా ఆయన సంతోషం పట్టలేక రెండు చేతులూ పట్టుకుని లోపలికి లాగాడు. థాంక్స్ చెప్పడానికి వచ్చారనుకున్నాడు పాపం.

"కంటి ఆపరేషనయింది. ఇన్నాళ్లూ చదవకూడదన్నారు. అచ్చయిన పుస్తకం చేతిలో పెడితే తడిమి చూసుకుని పక్కన పెట్టాను" అన్నారు డాక్టరుగారు. "నిన్న మా ఆవిడ మీ సమీక్ష చదివి వినిపించింది."

"అబ్బే, అందులో నాదేముందండీ..."

"నా పుస్తకానికి ముగింపు ఉందండీ."

మా ఆయన నవ్వు అలాగే ఉండిపోయింది.

పుస్తకాన్ని పదహారేసి పేజీల ఫారాలుగా అచ్చువేసి, వరసలో పేర్చి కుడతారట. బైండింగు షాపులో ఆఖరి ఫారం కట్టలు బల్ల కింద ఉండిపోయాయి. ఎవరూ చూసుకోలేదు. మొత్తం కాపీలన్నీ అవి లేకుండానే కుట్టి బయటికి పంపేశారు. డాక్టరుగారు సంచిలోంచి దారంతో కట్టిన కాగితాలు తీసి బల్ల మీద పెట్టారు. 

"ఆ చివరి అధ్యాయం కోసమే నేనీ నవల రాశాను. క్లినిక్ మూశాక కూర్చుని రాసేవాణ్ణి. ఎన్నిసార్లు తిరగరాశానో నాకే తెలియదు. మీరు నా పుస్తకం తల తెగిపోతే చూసి, ఆహా ఎంత గొప్ప మొండెం అని రాశారు."

నాకు నవ్వు రావాలో ఏడుపు రావాలో తెలియలేదు. 

"ప్రచురణకర్త దగ్గరికెళ్లి రెండో ముద్రణలోనైనా కలపమన్నాను. 'ముగింపు లేదనే కదండీ కొంటున్నారు, ఇప్పుడు కలిపితే జనం తంతారు' అంటున్నాడు. మీ మాట అట్ట మీద వేస్తాడట. మీరు మీ పేజీలో పొరపాటయిందని ఒక్క ముక్క రాస్తే కలుపుతానన్నాడు. బైండింగుకు వెళ్లేలోపు రాయండి. మీకు చేతులెత్తి మొక్కుతాను."

"చదివి చెబుతానండీ" అని నీళ్లు నమిలాడు మా ఆయన.

డాక్టరుగారు కాఫీ కూడా తాగకుండా వెళ్లిపోయారు. ఈయన ఆ కాగితాలు తీసుకుని సోఫా గుంటలో కూర్చున్నాడు. చదువుతున్నంతసేపూ నేను ఆయన ముఖమే చూస్తున్నాను. ఆ ముగింపు చెత్తగా ఉండాలని ఆయన మనసులో కోరుకుంటున్నాడు. పాతికేళ్ల కాపురంలో ఆమాత్రం తెలియదా? చివరికి కాగితాలు మడిచి "బాగాలేదు. అనవసరం. ఉన్నదే నయం" అని టీవీ కింద సొరుగులో పడేశాడు.

మర్నాడు ఆయన ఆఫీసుకెళ్లాక నేను తీసి చదివాను. ఆయన చెప్పడు కాబట్టి నేనే చెప్పేస్తాను, నాకు ఏ నియమాలూ లేవు. ఇన్‌స్పెక్టరమ్మ అందరి ముఖాలూ చూసి, బట్టలు ఇస్త్రీ చేసుకుని బతికే ముసలాయన భుజం మీద చెయ్యి వేస్తుంది. సాక్ష్యాలన్నీ అతని వైపే చూపిస్తున్నాయి. అతను బిక్కచచ్చిపోయి నోరెత్తలేడు. అప్పుడు మూలన కూర్చున్న టైపు మాస్టారు లేచి నిలబడతాడు. కథ మొత్తంలో అతని మీద ఎవరికీ గట్టి అనుమానం రాదు, అతని మీద సాక్ష్యం ఒక్కటీ లేదు. ఊరుకుంటే బయటపడిపోయేవాడు. "ఆయన్ని వదిలేయండి, నేనే" అంటాడు. మిగతా పేజీలన్నీ అతని మాటలే. పొయ్యి మీద పాలు పొంగిపోయినా నేను లేవలేదు. ఆ కాగితాల మీద కాఫీ కప్పు మరకలు రెండు చోట్ల కనిపించాయి. ముందురోజు ఆ మరకలు లేవు. మా ఆయన నేను పడుకున్నాక మళ్లీ చదివాడన్నమాట.

సాయంత్రం ఆయన రాగానే అడిగేశాను. "బాగుంది కదండీ?"

"ఏది?"

"ఏదో మీకు తెలుసు. ఎందుకు రాయరు?"

చెప్పులు విప్పుతున్నవాడల్లా ఆగిపోయి, అలాగే గుమ్మంలో కూర్చున్నాడు. "ఇన్నేళ్లకి ఒక్కసారి నా చివరి పేరా అచ్చయిందే. ఒక్కసారి! అది తప్పని మళ్లీ నేనే రాసుకోవాలా? ఫుల్ పేజీ పోతుంది. పేజీ సంగతి అటుంచు, పుస్తకం అయిపోయిందో లేదో కూడా తెలియనివాడు సమీక్షకుడా అని నవ్వరూ?"

నాకు ఆయన మీద ఒళ్లు మండింది, జాలీ వేసింది. ఏది ముందో చెప్పలేను. డాక్టరుగారు రోజూ ఫోన్ చేస్తున్నారు. ఈయన నన్ను మాట్లాడమని చేత్తో సైగ చేస్తాడు. "స్నానం చేస్తున్నారండీ" అని చెప్పీ చెప్పీ నాకే సిగ్గేసింది. మనిషి పొద్దుటి నుంచి రాత్రి దాకా స్నానమే చేస్తాడా?

ఆదివారాల్లో లిఫ్టు కంపెనీ ఫోను మా ఇంటికే మళ్లిస్తారు. ఆ ఆదివారం మధ్యాహ్నం ఒక పెద్దావిడ ఫోన్ చేసింది. కరెంటు పోయి లిఫ్టు రెండంతస్తుల మధ్య ఆగిపోయింది. లోపల ఒక్కతే ఉంది. మెకానిక్ ఊరి అవతల ఇంకో పనిలో ఉన్నాడు, రావడానికి చాలాసేపు పడుతుంది. ఆవిడ గొంతు వణుకుతోంది. మా ఆయన స్పీకరు పెట్టి, ఎప్పటిలాగే కథ మొదలుపెట్టాడు. ఏం బుద్ధి పుట్టిందో, పళ్ల డాక్టరు నవలే అందుకున్నాడు.

కథ చెప్పడంలో మా ఆయనకు వంక పెట్టలేం. ఆ లాడ్జి, ఆ గదులు, ఆ ఆరుగురూ కళ్లకు కట్టారు. అత్తయ్య కూడా మాట్లాడకుండా వచ్చి కూర్చుంది. పెద్దావిడ మధ్యమధ్యలో "ఊఁ, ఊఁ" అంటోంది, భయం తగ్గింది. కథ భోజనాల గదికి వచ్చింది. ఇన్‌స్పెక్టరమ్మ తలుపు మూసింది. అందరి ముఖాలూ ఒక్కొక్కటిగా చూసింది. మెకానిక్ మాత్రం ఇంకా రాలేదు.

"తర్వాత?" అంది ఆవిడ.

"అంతేనమ్మా. అక్కడితో అయిపోయింది."

"అయిపోవడమేమిటి నాయనా?" గొంతు మళ్లీ వణికింది. "ఈ లిఫ్టు ఎటూ కాకుండా నన్ను మధ్యలో వేలాడదీసింది. నువ్వు కూడా వేలాడదీస్తావా?"

మా ఆయన నా వైపు చూశాడు. నేను టీవీ కింద సొరుగు వైపు చూశాను.  ఆయన లేచి, కాగితాలు తీసుకుని, దారం విప్పి, మొదటి వాక్యం నుంచి పైకి చదవడం మొదలుపెట్టాడు. మా పెళ్లయినప్పటి నుంచి ఈ మనిషి ఒక కథకు ముగింపు చెప్పడం నేను అదే మొదటిసారి వినడం. టైపు మాస్టారు లేచి నిలబడే చోటుకొచ్చేసరికి ఆయన అదే వాక్యం రెండుసార్లు చదివాడు. దగ్గి మళ్లీ అందుకున్నాడు. అంతలో ఫోనులో దబదబ చప్పుడు, తలుపు తీసిన మోత, "రండమ్మా, చెయ్యివ్వండి" అని మెకానిక్ గొంతు వినిపించాయి.

"కాస్త ఆగు నాయనా" అంది పెద్దావిడ అతనితో. "ఇంకెన్ని పేజీలున్నాయి బాబూ?"

"రెండండీ."

"చదువు, చదువు. ఆయన నిలబడతాడులే."

చదవడం పూర్తయింది.  "పాపం, ఊరుకుంటే బయటపడేవాడు కదా" అని ఆవిడ ముక్కు చీదుకుని ఫోన్ పెట్టేసింది. అత్తయ్య కొంగుతో కళ్లు ఒత్తుకుంటూ "ఇందులో పేరున్నవాళ్లు ఎవరూ లేరు కదరా, అందుకే కనిపెట్టలేకపోయాను" అంది.

మా ఆయన అప్పుడే కూర్చుని రాశాడు. రాసింది నాకిచ్చాడు. మొట్టమొదటి వాక్యం "నేను పొరపాటు పడ్డాను" అని ఉంది. రెండోది, "ఆ నవలకు ముగింపు ఉంది, అది నేను పొగిడిన దానికన్నా చాలా బాగుంది" అని ఉంది. ఆ ముగింపు ఏమిటో మాత్రం ఎక్కడా చెప్పలేదు. కథ, ఊరింపు, ఏదీ లేకుండా అసలు మాట మొదట్లో పెట్టాడు.

"రాసింది మీరేనా?" అన్నాను.

"కింది నుంచి కదా కత్తిరిస్తారు" అన్నాడు.

కత్తిరించారు కూడా. ఆ వారం సబ్బువాళ్లు మళ్లీ దిగారు. బైండింగు షాపులో ఏం జరిగిందో, తప్పు ఎక్కడుందో ఆయన చివరి పేరాలో వివరంగా రాసుకున్నాడు. అది మొత్తం ఎగిరిపోయింది. మిగిలింది చదివినవాళ్లకు ఈయన పుస్తకం చివరి దాకా చదవకుండానే సమీక్ష రాశాడని అర్థమైంది. ఎడిటరుగారు ఫోన్ చేసి చెడామడా తిట్టారు. ఫుల్ పేజీ ఇంకొకరికిచ్చారు, ఫొటో మాత్రం తిరిగి పంపారు. ఆఫీసులో మెకానిక్కులు "సార్, మా రిపోర్టు చివరి పేజీ కూడా చూడండి సార్" అని ఆటపట్టిస్తున్నారట. ఒక్క డాక్టరుగారు ఫోన్ చేసి, రెండో ముద్రణలో కలపడానికి బైండింగు షాపులో ఆఖరి ఫారం కట్టలు విప్పుతున్నారని చెప్పారు. 

ఆ సాయంత్రం ఈయన సోఫా గుంటలో కూర్చుని ఏదో సీరీస్ ఆఖరి భాగం చూస్తున్నాడు. అరపేజీ ఇంకా ఉంది కదా, రాయాలి. నేను పక్కన కూర్చుని ఆరిన బట్టలు మడతపెడుతున్నాను. ఉన్నట్టుండి, టీవీ మీంచి కళ్లు తిప్పకుండానే, "కవల తమ్ముడు" అన్నాడు.

"ఎవరు?"

"ఆ సినిమాలో. నిన్ను బస్సెక్కించాను చూడు, ఆ సినిమా. చంపింది కవల తమ్ముడు."

నా చేతిలో దుప్పటి జారిపోయింది. "తమ్ముడున్నట్టు నేను చూసిన సగంలో ఎక్కడా లేదే?"

"రెండో సగంలోనూ లేదు. చివరి పది నిమిషాల్లో ఊడిపడ్డాడు."

"ఇంత చెత్త ముగింపునా ఇన్నేళ్లు దాచారు?" అరిచేశాను. ఆ సినిమాలో మీసాల డాక్టరే చంపాడని నేనెన్ని కారణాలు అల్లుకున్నాను! వంట చేస్తూ, బట్టలుతుకుతూ, ఎంత ఆలోచించాను! "నియమమట, నియమం!"

"మొదట్లో నియమమే" అన్నాడు మెల్లిగా. "తర్వాత తర్వాత... ఏడాదికోసారైనా నువ్వు అడిగేదానివి. నేను రాసేవాటి గురించి నువ్వు అడిగేది అదొక్కటే. చెప్పేస్తే ఇంకేం అడుగుతావని ఊరుకున్నాను."

ఒళ్లు మండిపోయింది. ఏడుపూ వచ్చింది. ఇంత పిచ్చి మనిషితోనా నేను కాపురం చేస్తున్నది?

"అడగడానికి ఇంకేం లేదనుకున్నారా?" అన్నాను. "కడుపుతో ఉన్నదాన్ని, కళ్లు తిరుగుతున్నదాన్ని, ఒక్కదాన్నే బస్సెక్కించి మళ్లీ సినిమాకి ఎలా వెళ్లబుద్ధయింది మీకు? అది చెప్పండి."

ఇన్నేళ్లూ హంతకుడి పేరు అడిగానే గానీ, ఈ మాట ఎప్పుడూ అడగలేదు. టీవీలో డిటెక్టివ్ అందర్నీ ఒక గదిలోకి పిలిచి, తలుపు మూసి, నోరు తెరవబోతున్నాడు. మా ఆయన రిమోట్ తీసుకుని టీవీ కట్టేశాడు.

"అదేమిట్రా, సరిగ్గా చివర్లో ఆపేశావు?" అని లోపల్నుంచి అత్తయ్య కేకేసింది.

 ఆయన గుంటలోంచి లేచి, నా వైపు తిరిగి కూర్చున్నాడు.